కంతులు తీరని కారు, గడువు తీరని లీజు: ఇంకొకరికి ఇవ్వాలంటే ఏ దారి మంచిది?

మా తమ్ముడి ఇంట్లో బీరువాలో వంద రూపాయల స్టాంపు కాగితం ఒకటి ఉంది. "ఈ తేదీ నుంచి సదరు కారుకు సంబంధించిన కంతులు, చలానాలు, ప్రమాదాలు యావత్తుకూ రెండవ పార్టీ వారే బాధ్యులు" అని టైపు చేసి ఉంటుంది. కింద రెండు సంతకాలు, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర. ఇంకా ముప్పైకి పైగా కంతులు ఉండగా వాడు తన కారుని భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే తెలిసినాయనకి ఆ కాగితం మీద ఇచ్చేశాడు. ఏడాది పాటు ఆయన నెల తప్పకుండా కట్టాడు. తర్వాత చెరువులకి వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి వరసగా రెండు పంటలు పోయాయి. కంతులు ఆగాయి. ఫోన్లు మాత్రం మా తమ్ముడికే వచ్చాయి, ఎందుకంటే బ్యాంకు పుస్తకంలో ఉన్నది వాడి పేరే.

ఆయన మోసగాడు కాదు. ఈ మాట నేను నమ్మే చెబుతున్నాను. చేతిలో డబ్బు లేనప్పుడు మేత కొట్టు వాడికి ముందు కట్టాలా, వేరేవాళ్ల పేరున ఉన్న కారు కంతు ముందు కట్టాలా అంటే ఎవరైనా మేత కొట్టుకే కడతారు. మా తమ్ముడు కూతురి ఇంజనీరింగ్ సీటుకి ఎడ్యుకేషన్ లోన్ అడగడానికి వెళ్లిన రోజున సంగతి బయటపడింది. "అక్కా, నాది సిబిల్ బాగోలేదంట" అని బ్యాంకు మెట్ల మీద నుంచే నాకు ఫోన్ చేశాడు. సిబిల్ అంటే మనం అప్పులు ఎలా కడుతున్నామో బ్యాంకులు చూసుకునే రికార్డు. ఆ రిపోర్టులో 36 నెలల చెల్లింపు చరిత్ర కనిపిస్తుంది. ఎన్ని కంతులు ఎన్ని రోజులు ఆలస్యమయ్యాయో నెలవారీగా అందులో ఉంటుంది. స్టాంపు కాగితం సంగతి ఎక్కడా ఉండదు.

నేను పాలకొల్లులో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తాను. అప్పటి నుంచి కారు ఇచ్చేద్దామనుకునే వాళ్లు, తీసుకుందామనుకునే వాళ్లు ముందు నన్నొక మాట అడిగి వెళ్తున్నారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లోన్ కారుకీ లీజు కారుకీ లెక్కలు వేరు గానీ, మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఏర్పాటు అయ్యాక అప్పిచ్చినవాళ్ల పుస్తకంలోంచి నా పేరు పోతుందా, పోదా?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఉన్నవాళ్లంతా ఒప్పుకుని పాతదాని స్థానంలో కొత్తది రాసుకుంటేనే పాత బాధ్యత తీరుతుంది. మీరూ కొనుక్కునే ఆయనా రాసుకున్న కాగితంలో బ్యాంకు సంతకం లేదు, లీజు కంపెనీ సంతకం లేదు. అది మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది. రేపు ఆయన మీద కేసు వేసుకోవడానికి పనికొస్తుంది గానీ, బ్యాంకు నుంచి మిమ్మల్ని కాపాడదు. మోటారు వాహనాల చట్టంలో 51వ సెక్షన్ కూడా ఇదే దారిలో ఉంటుంది. ఆర్సీలో ఫైనాన్సు గానీ లీజు గానీ ఎక్కి ఉన్నప్పుడు వాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా ఆర్టీఓ ఆఫీసులో పేరు మారదు.

ప్రమాదం విషయం ఇంకా పెద్దది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే నష్టపరిహారానికి వాళ్లే యజమాని. మన కాలవగట్ల రోడ్లు తెలిసినవే కదా. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరిచేను, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు. ఇన్సూరెన్సు అయిపోయిన కారు ఒకటి రాత్రిపూట ఎవరినైనా గుద్దితే లక్షల్లో వచ్చే తీర్పు స్టాంపు కాగితం రాయించుకుని నిశ్చింతగా పడుకున్న మనిషి మీద పడుతుంది.

అందుకే స్టాంపు కాగితం దారిని నేను పోలికలోకే తీసుకోను. మిగతావాటిలో ఏది ఎవరికి నప్పుతుందో చూద్దాం.

లోన్ కారు అయితే

ముందు ఒక లెక్క. 7 లక్షల లోన్, 9.5 శాతం వడ్డీ, 60 నెలలు అనుకోండి. కంతు దాదాపు 14,700 పడుతుంది. 28 కంతులు కట్టేశారు, 32 మిగిలాయి. మన దగ్గర బేరాలన్నీ "32 ఇంటూ 14,700, అంటే 4 లక్షల 70 వేలు బాకీ" అనే మొదలవుతాయి. అది తప్పు. ఆ 4.70 లక్షల్లో ఇంకా పుట్టని వడ్డీ కూడా ఉంది. ఈరోజు తీర్చేస్తే అసలు బాకీ దాదాపు 4 లక్షల 14 వేలే. ముందుగా తీర్చినందుకు 4 శాతం రుసుము ఉందనుకున్నా, దాని మీద జీఎస్టీతో కలిపి ఇంకో 19,500. మొత్తం 4 లక్షల 34 వేల లోపు. కారు బయట 5 లక్షల 90 వేలు పలికితే అమ్మేవాళ్ల చేతికి లక్షన్నర పైచిలుకు రావాలి. కంతుల గుణింతంతో బేరమాడితే లక్షా ఇరవై వేలకే సరిపెట్టుకుంటారు. బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్, అంటే ఈరోజు తీర్చేస్తే ఎంత కట్టాలో చెప్పే కాగితం, తెప్పించుకోకుండా ధర మాట్లాడొద్దని నేను పట్టుబట్టేది అందుకే. అందులో అంకె ఏ తేదీ దాకా చెల్లుతుందో కూడా రాసి ఉంటుంది.

రుసుము గురించి ఒక మాట. వ్యాపారానికి కాకుండా సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో రేటు మారే) లోన్ అయితే ముందు తీర్చినందుకు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. కారు లోన్లు చాలావరకు ఫిక్స్‌డ్ వడ్డీవి కాబట్టి రుసుము ఎంతో మీ అగ్రిమెంటులోనే చూసుకోవాలి.

ఇక దారులు. కొనేవాళ్ల దగ్గర రొక్కం ఉంటే, అంటే దాళ్వా ధాన్యం డబ్బులో చెరువు పట్టుబడి డబ్బులో చేతికొచ్చిన సమయమైతే, లోన్ తీర్చేసి అమ్మడం అన్నిటికన్నా శుభ్రం. తీర్చే డబ్బు మీ దగ్గర లేకపోయినా పర్వాలేదు. ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లి, కొనేవాళ్ల ఖాతా నుంచి నేరుగా మీ లోన్ ఖాతాకే ఆర్‌టీజీఎస్ వేయించండి. ఇక్కడ కొనేవాళ్లకి ఒక భయం ఉంటుంది, అది న్యాయమైనదే: నాలుగు లక్షలు వేరే మనిషి అప్పుకి కట్టేశాను, ఆర్సీ ఇంకా ఆయన పేరునే ఉంది, రేపు మాట మారిస్తే? దానికి విరుగుడుగా ఆ రోజే అమ్మకం అగ్రిమెంటు, ఆర్సీలో పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి ఇవ్వండి. మిగిలిన లక్షన్నర మాత్రం పేరు మారే దాకా కొనేవాళ్ల దగ్గరే ఉంటుంది. అప్పటిదాకా కారు మీ వాకిట్లో, తాళం మీ చేతిలో. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు తీరిందని చెప్పే ఫారం 35 వచ్చాక హెచ్‌పీ తీయించడం, అంటే ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించడం, ఆ తర్వాత పేరు మార్చడం వరసగా జరుగుతాయి.

రొక్కం లేని వాళ్లకి, అంటే ఎక్కువ మందికి, నేను చెప్పేది యూజ్డ్ కార్ లోన్. కొనేవాళ్లు తమ బ్యాంకులో పాత కారు లోన్ పెట్టుకుంటారు. ఆ బ్యాంకు మీ అప్పు తీర్చి తన పేరు ఆర్సీలో ఎక్కించుకుంటుంది. పాత కార్లకి వడ్డీ కొత్త కార్ల కన్నా ఎక్కువే ఉంటుంది, అది కొనేవాళ్లు మోయాల్సిన బరువు. అయితే రెండు బ్యాంకులూ కాగితాలు చూస్తాయి కాబట్టి దొంగ లెక్కలకి చోటు తక్కువ. మీ పేరు పూర్తిగా బయటికి వస్తుంది.

ఉన్న లోన్‌నే అదే బ్యాంకులో కొనేవాళ్ల పేరుకి మార్చడం వినడానికి అన్నిటికన్నా తేలిక. అన్ని సంస్థలూ దీనికి ఒప్పుకోవు. ఒప్పుకున్నవి కొనేవాళ్ల ఆదాయం, సిబిల్ కొత్త లోన్‌కి చూసినట్టే చూస్తాయి. నిలకడగా జీతం వచ్చేవాళ్లకి అవుతుంది. కౌలు రైతుకో చెరువుల వాళ్లకో ఐటీ రిటర్నులు లేకపోతే ఇక్కడే ఆగిపోతుంది. మిగిలిన కంతులు చాలా ఉండి, మీకు పడ్డ వడ్డీ ఇప్పటి రేటు కన్నా తక్కువగా ఉంటేనే ఈ దారి కోసం తిరగడం దండగ కాదు. ఒప్పుకునే ముందు ఆ పాత వడ్డీయే కొనసాగుతుందా అని రాతలో అడగండి. మీకు జామీను ఉన్నవాళ్ల పేరు కూడా తొలగిందో లేదో చూడండి. బావగారినో మేనమామనో జామీను పెట్టి, లోన్ మార్చేటప్పుడు వాళ్ల సంగతే మరిచిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

కారు కన్సల్టెన్సీకి, అంటే పాత కార్లు కొని అమ్మే వాళ్లకి, ఇచ్చేస్తే? ధర తగ్గుతుంది, తిరుగుడు తప్పుతుంది. ఊళ్లో లేని వాళ్లకి ఇదే నయం. కాకపోతే 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ల డీలర్లు ఆర్టీఓ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. అలాంటి డీలరుకి కారు అప్పగించినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్లో పెడితే, అక్కడి నుంచి కారుకి ఆయనే యజమాని కింద లెక్క. "తర్వాత చూద్దాంలెండి" అనే చోట కారు వదలొద్దు.

లీజు కారు అయితే

మన వైపు లీజు అంటే రెండు రకాలు కనిపిస్తున్నాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలకి కంపెనీ జీతంలో భాగంగా ఇప్పించిన కారు ఒకటి. మారుతి వంటి సంస్థలు ఇచ్చే నెలవారీ సబ్‌స్క్రిప్షన్ రెండోది. లోన్ కారులో కట్టిన ప్రతి కంతూ కొంత మీ సొత్తు అవుతుంది. లీజులో అలా కాదు. రెండేళ్లు కట్టినా అది అద్దే, దాని మీద కారు కొనేటప్పుడు పడే రేటులోనే జీఎస్టీ కూడా. కాబట్టి "ఇన్ని లక్షలు కట్టాను, నాకు ఇంత ఇవ్వండి" అని లీజు తీసుకునేవాళ్లని అడిగే అవకాశం తక్కువ. మీరు అమ్ముతున్నది కారుని కాదు, ఇంకా మిగిలిన బాధ్యతని.

మొదట ఆర్సీ కార్డు తీసి చూడండి. కొన్నిటిలో వాడే మనిషి పేరుండి లీజు అని ఎక్కి ఉంటుంది. కొన్నిటిలో లీజు కంపెనీ పేరే ఉంటుంది. నంబరు ప్లేటు నల్లగా ఉండి పసుపు అక్షరాలుంటే అది అద్దెకిచ్చే బండి కింద రిజిస్టరయినది, దాన్ని మీరు ఇంకొకరికి ఇవ్వడమన్న మాటే లేదు. కంపెనీ ద్వారానే జరగాలి.

కంపెనీ లీజులో ఉన్న పిల్లవాడు ఉద్యోగం మారుతుంటే, కొత్త కంపెనీకి అదే లీజు సంస్థతో ఒప్పందం ఉందేమో అడగమనండి. ఉంటే లీజు అటు మారిపోతుంది, ఇంత తేలికైనది ఇంకోటి లేదు. లేకపోతే అదే ఆఫీసులో ఇంకో ఉద్యోగి తీసుకుంటాడేమో చూడాలి. అదీ కుదరకపోతే కారు వెనక్కి ఇచ్చి ముందస్తు రద్దు రుసుము కట్టడమో, వాళ్లు చెప్పిన ధరకి కారు కొనేసుకోవడమో మిగులుతాయి.

ఈ రెండిట్లో ఏది? కొనుగోలు ధర, రద్దు రుసుము రెండూ ఒకే రోజున రాతలో తెప్పించుకోండి. ఉదాహరణకి కొనుగోలు ధర 6 లక్షల 40 వేలు, బయట కారు 6 లక్షలు పలుకుతోంది, రద్దు రుసుము 90 వేలు అనుకుందాం. కొని అమ్మితే 40 వేలు నష్టం, వెనక్కి ఇస్తే 90 వేలు నష్టం. నష్టం వస్తున్నా కొనడమే మేలు. చాలామంది కొనుగోలు ధర బజారు ధర కన్నా ఎక్కువ అనగానే ఆ దారి మూసేసి రద్దు రుసుము కట్టేస్తారు. పోల్చాల్సింది రెండు నష్టాలని. ఇక ఐదారు నెలలే మిగిలి ఉంటే ఏ ఏర్పాటూ వద్దు, కట్టేసి గడువుకి అప్పగించేయండి. కొత్తవాళ్లని వెతికి, వాళ్ల కాగితాలు పరిశీలన అయ్యేసరికి సగం గడువు ఎలాగూ అయిపోతుంది.

సబ్‌స్క్రిప్షన్ లాంటి లీజుని బయటి మనిషికి మార్చడానికి సంస్థ ఒప్పుకుంటే, తీసుకునేవాళ్లు కిలోమీటర్లు చూడకుండా సంతకం పెట్టకూడదు. ఏడాదికి 12,000 కిలోమీటర్ల పరిమితి ఉన్న కారు రెండేళ్లలో 38,000 తిరిగిందనుకోండి. 14,000 అదనం. కిలోమీటరుకి 8 రూపాయలు వేసినా లక్షా 12 వేలు. పాత మనిషి తిరిగిన దానికి కొత్త మనిషి గడువు చివర బిల్లు కట్టాలి. భీమవరం నుంచి హైదరాబాదుకి వారం వారం వచ్చే కారులో ఇది ఖాయంగా ఉంటుంది. మార్పిడి రోజునే ఆ అదనాన్ని లెక్కకట్టి పాత మనిషి దగ్గర జమ చేయించుకోవాలి. డిపాజిట్ కూడా అంతే. పాతది పాత మనిషికి వెనక్కి వెళ్లాలి, కొత్తది కొత్త మనిషి కట్టాలి. "మీలో మీరు సర్దుకోండి" అని సంస్థ అంటే ఒప్పుకోవద్దు.

మార్చిన తర్వాత కూడా కొత్తవాళ్లు కట్టకపోతే మిమ్మల్ని అడిగే షరతు ఉందేమో ఒప్పందంలో వెతకండి. ఉంటే అది మార్పిడి కాదు, మీరు జామీను ఉన్నట్టు.

రాష్ట్రం గీత దాటితే

మన గోదావరి డెల్టాకి ప్రత్యేకమైన చిక్కు ఇది. యానాం మన మధ్యలోనే ఉంది గానీ పుదుచ్చేరి కిందికి వస్తుంది. పీవై 04 నంబరు కారు అమలాపురం వాళ్లు కొంటే అది పొరుగు రాష్ట్రం బండి కొన్నట్టే. అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, దానికి మళ్లీ ఫైనాన్సు వాళ్ల అంగీకారం కావాలి, ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. హైదరాబాదు నుంచి పిల్లవాడు తెచ్చిచ్చే తెలంగాణ నంబరు కారుకీ ఇదే వరస. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి రిజిస్ట్రేషను తీసుకోవాల్సిందే. కాబట్టి పీవై నంబరు కారు పది వేలు చవగ్గా వస్తోందంటే ముందు ఆ లైఫ్ ట్యాక్స్ ఎంతో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని ఆ తర్వాత బేరానికి కూర్చోండి. ఏపీ 05, ఏపీ 37, 2019 తర్వాతి ఏపీ 39 ఇవన్నీ ఒకే రాష్ట్రం కాబట్టి ఈ బెడద లేదు.

తీసుకునేవాళ్లు చూడాల్సినవి

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్సు ఉందో లేదో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. కారుని మాత్రం కళ్లతో చూడాలి. మొన్న ఒకాయన తీసుకుందామన్న కారు చూడ్డానికి నేనూ వెళ్లాను. పైన అద్దంలా మెరుస్తోంది. డ్రైవరు సీటు కింద మ్యాట్ ఎత్తి, దాని కింద కార్పెట్ ఒక మూల లాగితే వేళ్లకి సన్నటి ఒండ్రు అంటింది, గోదావరి వరద మట్టి. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. డోరు రబ్బరు తీసి చూస్తే లోపల నీటి గీత ఎంత ఎత్తున ఉందో కనిపించింది. లంకల వైపు తిరిగిన కారు అయితే ఈ మూడు చోట్లూ చూడండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి, చెరువు గట్ల మీది ఉప్పునీటికి కారు అడుగు భాగం తింటుంది. లిఫ్ట్ ఎక్కించి చూసుకోండి. లీజు కారులో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే గడువు చివర ఆ తుప్పుకీ మీకే బిల్లు వేస్తారు.

పేరు మారే రోజుల్లో

ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఫారం 29తో ఆర్టీఓకి తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్సులో మూడో వ్యక్తికి జరిగే నష్టానికి రక్షణ కారుతో పాటే మారుతుంది గానీ, సొంత కారు దెబ్బతింటే వచ్చే క్లెయిము మారదు. దానికి 14 రోజుల్లో కొన్నవాళ్లు తమ పేరున మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మనిషికి చెందినది, కారుకి కాదు. ఐదేళ్లు క్లెయిము లేకుండా ఉంటే అది 50 శాతం దాకా ఉంటుంది. అమ్మినవాళ్లు సర్టిఫికెట్ తీసుకుని ఉంచుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. కొనేవాళ్లు ఈ బోనస్ తగ్గింపు పోతే ప్రీమియం ఎంత పెరుగుతుందో ముందే అడిగి బేరంలో కలుపుకోవాలి.

ఫాస్టాగ్ అమ్మినవాళ్ల ఖాతాకి కట్టి ఉంటుంది, దాన్ని మూసేయండి. మిగిలిన చలానాలు ఆ రోజుకి ఎన్ని ఉన్నాయో ప్రింటు తీసి ఇద్దరూ సంతకం పెట్టండి.

మా తమ్ముడి కారు చివరికి ఆ తెలిసినాయనే వెనక్కి తెచ్చి ఇచ్చాడు. ఆగిన కంతుల్లో సగం ఆయన, సగం మేము కట్టాం. దాన్ని యూజ్డ్ కార్ లోన్ దారిలోనే అత్తిలి వైపు ఒక మాస్టారికి అమ్మాం. తాళాలు ఇచ్చిన రోజున ఓడోమీటరు ఫొటో తీసి, డెలివరీ కాగితంలో తేదీతో పాటు "సాయంత్రం 5 గంటల 20 నిమిషాలు" అని రాయించాను. మాస్టారు అడిగారు, గంట ఎందుకమ్మా అని. ఆ రోజు 5 గంటల 19 నిమిషాల దాకా జరిగినదేదైనా మాది, ఆ తర్వాతది మీది అండి అని చెప్పాను. ఆయన ఆ గంట పక్కన కూడా చిన్న సంతకం పెట్టారు.